తేయాకు మీ నేలలో బతుకుతుందా? మొక్క కొనే ముందు చేయాల్సిన పనులు

"లంబసింగిలో అంత చలి ఉంటుంది, అరకులో కాఫీ పండుతుంది. మరి టీ ఎందుకు వేయరండీ?"

ఊటీకో మున్నార్‌కో వెళ్ళొచ్చినవాళ్ళు ఒక్కసారైనా అడిగే ప్రశ్న ఇది. కొండ, చలి, పొగమంచు ఉంటే చాలు, టీ పండుతుందని అక్కడ తీసుకున్న ఫొటోలు చూసి మనకు అనిపిస్తుంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో అస్సాం వైపు చూస్తే తెలుస్తుంది. మన దేశంలో పండే టీలో సగానికి పైగా అక్కడిదే. 1911 నుంచి టీ మీద పరిశోధన జరుగుతున్న టోక్లాయ్ కేంద్రం జోర్హాట్‌లో ఉంది. ఆ ఊరు సముద్రమట్టానికి నూరు మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది, అంతే. మన హైదరాబాద్ 500 మీటర్ల పైన ఉంది. కొండెక్కి కూర్చున్నది మనం, టీ మాత్రం కింద బ్రహ్మపుత్ర ఒడ్డున ఉక్కపోతలో పండుతోంది.

తేయాకుకు నిజంగా కావాల్సింది పుల్లటి నేల, ఏడాదిలో ఎక్కువ నెలలు తడి, ఆ తడి వేళ్ళ దగ్గర నిలవకుండా జారిపోయే వీలు. మీకు ఏజెన్సీలో రెండెకరాలున్నా, మేడమీద రెండు కుండీలే ఉన్నా ఈ కింది వరసలోనే చూసుకుంటూ రండి. ఎక్కడ "కాదు" అని తేలితే అక్కడ ఆగిపోండి, డబ్బు మిగులుతుంది.

1. వాన లెక్క నెలనెలా రాయండి

ఏడాది మొత్తం వర్షపాతం చూసి నిర్ణయం తీసుకోకండి. మీ మండలం వర్షపాతం వివరాలు సంపాదించి, ఒక కాగితం మీద పన్నెండు నెలలూ వరసగా రాసి, 50 మిల్లీమీటర్ల లోపు పడిన నెలలకు సున్నా చుట్టండి. ఒక్క ఏడాదిది కాదు, కనీసం ఐదేళ్ళది.

టీకి ఏడాదికి 1500 మిల్లీమీటర్లు కనీసం అంటారు. తోటలున్న చాలాచోట్ల 2000 దాటే పడుతుంది. కానీ 1500 మిల్లీమీటర్లూ నాలుగు నెలల్లో కురిసి వెళ్ళిపోతే మొక్కకు ఒరిగేదేమీ లేదు. ఆకు కోసే కాలంలో నెలకు నూరు, నూటయాభై మిల్లీమీటర్లు పడుతూ ఉండాలి. సున్నాలు ఒకటి రెండు వరసగా వస్తే నీడ, మల్చింగ్‌తో (మొదళ్ళ చుట్టూ ఆకూ గడ్డీ పరచడం) నెట్టుకురావచ్చు. నాలుగు వరసగా వచ్చాయంటే స్ప్రింక్లర్లు పెట్టాలి, వాటికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో ముందే తేల్చుకోవాలి.

అరకు, పాడేరు వైపు ఇబ్బంది వచ్చేది ఇక్కడే. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన బాగానే ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా దాదాపు ఏమీ ఉండదు. కాఫీకి అది వరం. ఆ ఎండుకాలంలోనే మొగ్గ కట్టి, మార్చి, ఏప్రిల్‌లో ఒక జల్లు పడగానే కొండంతా తెల్లగా పూస్తుంది. కాఫీ మనకు కాయ కోసం, టీ ఆకు కోసం. నీళ్ళు తగ్గితే టీ చిగురు వేయడం మానేసి పూత మీదికి పోతుంది. అంటే ఒక పంటకు మేలు చేసే వాతావరణమే పక్క పంటకు చేటు.

నీలగిరుల్లో ఈ బాధ తక్కువ. నైరుతి వాన తగ్గాక ఈశాన్య వాన అందుకుంటుంది. కూనూరు, కోటగిరి వైపు అక్టోబరు, నవంబరుల్లో కూడా బాగా పడుతుంది. అందుకే అక్కడ ఏడాదంతా కోత ఉంటుంది. డార్జిలింగ్‌లో చలికాలం పొడిగానే ఉంటుంది కానీ ఆ చలికి మొక్క నిద్రపోతుంది, నీళ్ళ అవసరం పెద్దగా ఉండదు. మార్చిలో లేచి వేసే మొదటి చిగురే వాళ్ళు ఎక్కువ ధరకు అమ్ముకునే ఫస్ట్ ఫ్లష్. అస్సాంలోనూ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మొక్క ఆగిపోతుంది. దానికి చలి ఒక్కటే కారణం కాదు, పగలు పదకొండుంబావు గంటల కన్నా తగ్గినా తేయాకు చిగురు వేయదు. మన దగ్గర పగలు అంతకన్నా తగ్గేది కొద్ది నిమిషాలే, అదీ నవంబరు చివర నుంచి జనవరి దాకానే. ఎండాకాలంలో నిద్రపోయే వీలు లేదు, తాగడానికి నీళ్ళూ లేవు. మొక్క అలా ఇరుక్కుపోతుంది.

2. నేల పులుపు చూడండి

ఇది తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు.

ఇంట్లో చేసే పని ముందు: గుప్పెడు పొడి మట్టి పళ్ళెంలో వేసి, పైన నాలుగు చెంచాల వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వచ్చిందా, అందులో సున్నం ఉంది. టీ సంగతి మరిచిపోండి. నురగ రాలేదంటే నేల పుల్లగా ఉందని కాదు, సున్నం అంతగా లేదని మాత్రమే. అప్పుడు మట్టి పరీక్షకు వెళ్ళాలి.

నమూనా తీయడంలో మనవాళ్ళు బద్ధకిస్తారు, గట్టు పక్కన గుప్పెడు మట్టి తీసి పట్టుకెళ్తారు. అలా కాదు. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల పైన ఆకూ అలమూ తీసేసి, ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తవ్వి, ఒక పక్క గోడ నుంచి పైనుంచి కిందికి పలచగా చెక్కండి. అంతా ఒక గుడ్డ మీద పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అరకిలో మిగిలేదాకా అలాగే చేయండి. టీ కోసమైతే రెండడుగుల లోతు నుంచి ఇంకో నమూనా విడిగా తీయండి. పైన పుల్లగా ఉండి కింద సున్నపు పొర ఉన్న నేలలున్నాయి, వేరు అక్కడికి చేరాక గానీ సంగతి బయటపడదు. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో వ్యవసాయ శాఖ ల్యాబ్‌లోనో ఇచ్చి, పీహెచ్ (నేల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఎంతో అడగండి.

కావాల్సింది 4.5 నుంచి 5.5. ఆరు దాటితే కష్టం, ఏడు దగ్గరికి వస్తే వదిలేయండి. 5.5కీ 6.5కీ ఒక్క అంకె తేడానే కదా అనుకోకండి, ఈ కొలతలో ఒక్క అంకె అంటే పులుపు పది రెట్లు మారినట్టు. మన నల్లరేగడి చాలాచోట్ల ఎనిమిది దగ్గర ఉంటుంది, పత్తికి, శనగకు మంచిది. చౌడు నేల గురించి చెప్పనే అక్కర్లేదు. ఎర్ర చల్కా ఏడుకు అటూ ఇటూగా ఉంటుంది. విశాఖ మన్యంలో, వానకు కొట్టుకుపోయి సున్నం కరిగిపోయిన ఎర్రనేలల్లో కొన్ని 5.5, 6 దగ్గర దొరుకుతాయి. తెలుగు నేలల్లో కాస్త ఆశ పెట్టుకోగలిగింది అక్కడే. (అది విని హైదరాబాద్ నుంచి భూమి కొనడానికి బయల్దేరేవాళ్ళకు ఒక మాట: ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడం 1/70 చట్టం ప్రకారం కుదరదు.)

పుల్లటి నేలలో అల్యూమినియం కరిగి వేళ్ళకు అందుతుంది. చాలా పంటలకు అది విషం. టీ మాత్రం దాన్ని హాయిగా పీల్చుకుని ముదురాకుల్లో దాచుకుంటుంది. కూనూరులో ఇళ్ళ ముందు హైడ్రేంజియా పూలు అంత నీలంగా ఉండేదీ ఈ అల్యూమినియం వల్లే. అదే మొక్క సున్నపు నేలలో గులాబీ రంగు పూస్తుంది. కొత్త ఊరికి వెళ్తే నేను ముందు ఆ పూల రంగు చూస్తాను. ల్యాబ్ రిపోర్టుకు అది సాటి కాదు గానీ, సరదాగా ఉంటుంది.

3. గొయ్యి తవ్వి నీళ్ళు పోయండి

రెండడుగుల లోతు, అడుగు వెడల్పు గొయ్యి తవ్వి నిండా నీళ్ళు పోయండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. అసలు పరీక్ష ఈ రెండోసారిదే. తెల్లారేసరికి ఇంకిపోతే సరే, అడుగున ఇంకా నిలిచి ఉంటే వేరు కుళ్ళుతుంది. వానాకాలం మధ్యలో బావిలో నీళ్ళెంత పైకి వస్తాయో కూడా చూసుకోండి. నేలకు మూడడుగుల లోపలికి వస్తే కాలువలు తవ్వక తప్పదు. అస్సాం తోటలు చదునుగా ఉంటాయి కాబట్టి అక్కడ వరసల మధ్య తవ్విన మురుగు కాలువలే తోటకు ప్రాణం. కొండవాలు మీద ఆ పని వాలే చేసిపెడుతుంది. టీ అంటే కొండ అనే మాట వచ్చింది అందుకే, ఎత్తు కోసం కాదు. మరీ నిటారు వాలైతే మట్టి కొట్టుకుపోతుంది, వాలుకు అడ్డంగా వరసలు వేయాలి.

గునపం అడుగున్నర దగ్గర ఠంగుమని ఆగిపోతే అక్కడితో ఆపేయండి. వేరుకు మూడు నాలుగడుగుల మెత్తని లోతు కావాలి.

4. వేడి, మంచు, పొడిగాలి

చిగురు బాగా వచ్చేది 18 నుంచి 30 డిగ్రీల మధ్య. 13 లోపు మొక్క ఆగిపోతుంది. 35 దాటితే ఆకు పని మానేస్తుంది. అస్సాంలో 35 వచ్చినా మొక్క తట్టుకునేది గాలిలో తేమ వల్ల, నీడ చెట్ల వల్ల. మన దగ్గర మేలో గాలి బట్టలు ఆరేసిన గంటకే ఎండగొట్టేంత పొడిగా ఉంటుంది. వేళ్ళ దగ్గర నీళ్ళున్నా సరే, ఆకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

నీడకు నీలగిరుల్లో సిల్వర్ ఓక్ వేస్తారు. అరకు కాఫీ తోటల్లో మిరియం తీగ పాకించేదీ అదే చెట్టు.

నీలగిరుల రైతులు భయపడేది ఎండకు కాదు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో కురిసే గడ్డమంచుకు. అది కొండ కొమ్మున కన్నా లోయ అడుగున ఎక్కువ కాలుస్తుంది. చల్లగాలి బరువుగా ఉండి నీళ్ళలా కిందికి జారి పల్లంలో మడుగు కడుతుంది. లంబసింగి లాంటి చోట స్థలం చూసేవాళ్ళు ఒక చలి తెల్లవారుజామున వెళ్ళి గడ్డి మీద తెల్లటి పొర ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. ఆ పల్లం వదిలేయండి, వాలు మధ్య భాగం ఎంచుకోండి.

5. రకం ఎంచుకోవడం

తేయాకులో ప్రధానంగా రెండు రకాలు. చైనా రకం చిన్నాకు, గుబురు పొద, చలికి ఓర్చుకుంటుంది. అస్సాం రకం పెద్దాకు, కత్తిరించకుండా వదిలేస్తే చెట్టంత ఎదుగుతుంది, వేడిని, తేమను ఇష్టపడుతుంది. 1823లో రాబర్ట్ బ్రూస్‌కు అస్సాంలో స్థానికుల ద్వారా ఈ పెద్దాకు మొక్క సంగతి తెలిసినా, ఇంగ్లీషువాళ్ళు చాలాకాలం చైనా విత్తనం మీదే మోజుపడి తెప్పించి నాటారు. ఆ మైదానంలో అది సరిగా ఎదగలేదు. ఇంటి ముందున్న మొక్కే మేలని తెలుసుకోవడానికి వాళ్ళకు ఏళ్ళు పట్టింది. అదే చైనా విత్తనం 1841లో డాక్టర్ క్యాంప్‌బెల్ డార్జిలింగ్‌లో వేస్తే కుదురుకుంది. హిమాచల్‌లోని కాంగ్రా లోయలోనూ అంతే.

ఆ అస్సాం తోటల మాట వచ్చింది కాబట్టి: గంజాం, విశాఖ వైపు నుంచి కూలికి తీసుకెళ్ళిన తెలుగువాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడి తోటల లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఉన్నారు. టీతో మన బంధం ఇరానీ హోటల్‌తో మొదలైందని అనుకుంటాం గానీ, అంతకుముందే మనవాళ్ళ చేతులు ఆ ఆకు కోశాయి.

మన్యంలో ప్రయోగం చేస్తానంటే దక్షిణాది కొండల కోసం ఉపాసి (దక్షిణాది తోటల యజమానుల సంఘం) తయారుచేసిన క్లోన్లలో, అంటే ఎంపికచేసిన తల్లి మొక్కల అంటు రకాల్లో, ఎండను తట్టుకునేవి అడగండి. వాళ్ళ పరిశోధన కేంద్రం తమిళనాడులోని వాల్పారైలో ఉంది. గింజ తెచ్చుకుంటే తాజాగా ఉన్నప్పుడే నాటాలి, ఎండబెట్టి డబ్బాలో దాస్తే చచ్చిపోతుంది. బకెట్ నీళ్ళలో వేసి మునిగినవి ఉంచుకోండి, తేలినవి పారేయండి. అంటుకైతే ఒక ఆకు, దాని కింద ఒకటిన్నర అంగుళం కాడ చాలు. పుల్లటి అడుగుమట్టి నింపిన కవర్లో గుచ్చి, నీడలో తొమ్మిది, పది నెలలు పెంచాలి.

6. ఆకు ఎక్కడికి తీసుకెళ్తారు?

దీన్ని ఆరో పనిగా రాశాను గానీ, పంట అమ్ముకోవాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడగాల్సింది ఇదే. కాఫీ పండు కోసి, ఆరబెట్టి, బస్తాలో కట్టి, ధర వచ్చేదాకా ఆగొచ్చు. టీ ఆకు ఆగదు. కోసిన గంటల్లోనే వాడిపోవడం మొదలవుతుంది, గోనెసంచిలో కుక్కితే లోపల వేడెక్కి ఎర్రబడి పాడైపోతుంది. ఏ రోజు ఆకు ఆ రోజే ఫ్యాక్టరీ చేరాలి. నీలగిరుల్లో ఎకరం, రెండెకరాలున్న అక్కడి బడగ సముదాయం రైతులు కూడా టీ మీద బతకగలుగుతున్నారంటే, పక్క ఊళ్ళోనే ఆకు కొనే ఫ్యాక్టరీ ఉంది కాబట్టి. నాలుగు, నాలుగున్నర కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో పొడి వస్తుంది. వారం, పది రోజులకోసారి, రెండాకులూ మొగ్గా కోసుకుంటూనే ఉండాలి. కూలీ ఖర్చంతా అక్కడే. కోత మొదలవడానికి కూడా రెండు మూడేళ్ళు పడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, పాడేరు రైతుకు కాఫీ, మిరియాలు వదిలి టీ వైపు వెళ్ళమని చెప్పను. పది మొక్కలు పెరట్లో వేసి మూడు ఎండాకాలాలు చూడమంటాను.

పురుగులు, తెగుళ్ళ సంగతి టూకీగా: కొండమీద పొగమంచు ఉన్నచోట లేత ఆకుకు బొబ్బ తెగులు, పొడి రోజుల్లో ఎర్రనల్లి. ఇంకోటి శ్రీకాకుళం జీడిమామిడి రైతులకు బాగా తెలిసినదే, తేయాకు దోమ. జీడి చిగుళ్ళను నల్లగా మాడ్చే ఆ పురుగు జాతికి పేరు వచ్చింది టీ నుంచే.

7. ఎకరాలు లేవు, కుండీ ఉంది అంటారా?

అయితే పైన చెప్పిన ప్రతి ఇబ్బందికీ చిన్న స్థాయిలో మందు ఉంది.

మొదట మీకు అమ్మేది టీ మొక్కేనా అని చూసుకోండి. నేను మొదటిసారి హైదరాబాద్‌లో ఒక నర్సరీ నుంచి తెచ్చుకుని ఏడాది సాకింది తేయాకు కాదు, ఫుకియెన్ టీ అనే కంచె మొక్క. బోన్సాయ్‌కి వాడతారు. చిన్న చిన్న తెల్ల పూలు పూసి ఎర్ర కాయలు కాసేదాకా నాకు తెలియలేదు. అసలు తేయాకు అంచు రంపపు పళ్ళలా ఉంటుంది, ఆకు బిరుసుగా మెరుస్తుంది. ముడుచుకున్న మొగ్గను వేలితో రాస్తే వెండిలాంటి సన్నని నూగు కనిపిస్తుంది. పువ్వు తెల్లగా, మధ్యలో పసుపు కేసరాల కుచ్చుతో వంగి ఉంటుంది. 'టీ ట్రీ' పేరుతో అమ్మేది కూడా వేరే మొక్క, నూనె తీసేది.

కుండీ పన్నెండు, పద్నాలుగు అంగుళాలది, కింద బెజ్జాలు ఎక్కువ ఉన్నది. కడిగిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, ఆకు కంపోస్టు ఒక పాలు. అందులో చెంచాడు గంధకం పొడి కలిపి, తడిపి, నెల రోజులు పక్కన పెట్టండి. గంధకం మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల మెల్లగా పులుస్తుంది, తొందరపడితే పని జరగదు.

నన్ను రెండోసారి ముంచింది నీళ్ళు. ఈసారి అసలైన తేయాకు, కూనూరు నుంచి కారులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. రెండు నెలలకు కొత్తాకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, ఎవరో పెన్నుతో గీసినట్టు వచ్చాయి. ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేశాను. కారణం బోరునీళ్ళు. ఆ సున్నపు నీళ్ళు రోజూ పోస్తే మట్టి పులుపు పోతుంది, మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. మూడో మొక్కకు వాననీళ్ళు డ్రమ్ములో పట్టి పోశాను. అవి అయిపోయే ఏప్రిల్, మే నెలల్లోనే ఇంట్లో ఏసీ నడుస్తుంది కదా, దాన్నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టండి. అందులో సున్నం ఉండదు. ఏసీ లేకపోతే బకెట్ నీళ్ళలో నిమ్మఉప్పు చిటికెలు చిటికెలుగా కలుపుతూ, పీహెచ్ కాగితం ముంచి 5.5, 6 మధ్యకు వచ్చాక ఆపండి. ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం పోయకండి, లవణాలన్నీ అందులోనే ఉంటాయి.

గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద... మేడతోటల వాళ్ళం ప్రతి మొక్కకూ వేసే ఈ రెండూ దీనికి పనికిరావు, రెండూ పులుపును చంపుతాయి. వాడేసిన టీ పొడి వేస్తే పుల్లబడుతుందనే మాటలోనూ పస లేదు, కంపోస్టులో కలుపుకోండి చాలు. ఎరువుగా అమ్మోనియం సల్ఫేట్ నెలకు అర చెంచా, తడి మట్టి మీద.

ఉదయం తొమ్మిది, పది దాకా ఎండ తగిలే తూర్పు వైపు పెట్టండి. మార్చి నుంచి జూన్ దాకా సగం నీడనిచ్చే గ్రీన్‌నెట్ కట్టి, మిగతా కుండీల మధ్య గుంపులో ఉంచండి, వాటి తేమ దీనికీ అందుతుంది. బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఇందులో సగం తిప్పలు ఉండవు. అమెరికాలో దక్షిణ కరోలినా వైపు ఉన్నవాళ్ళయితే నేలలోనే నాటుకోవచ్చు. చార్ల్‌స్టన్ దగ్గర వాడ్మలా దీవిలో తోటే ఉంది.

అడుగు ఎత్తు వచ్చాక కొన గిల్లండి, పక్క కొమ్మలు వస్తాయి. మళ్ళీ గిల్లండి. ఇలా నడుం ఎత్తులో గుబురుగా, పైన చదునుగా తయారుచేయాలి. రెండేళ్ళు నిండేదాకా ఆకు తాగే ఆలోచన పెట్టుకోకండి. ఆ తర్వాత వానాకాలంలో, రెండాకులూ మొగ్గా గోటితో కాకుండా వేళ్ళతో విరిచి, గుప్పెడయ్యాక పొద్దున్నే ఇడ్లీ పాత్రలో నిమిషంన్నర ఆవిరి పట్టండి. అరచేతుల మధ్య మెల్లగా నలిపి, మందపాటి పెనం మీద సన్నని సెగన, విరిస్తే పటుక్కుమనేదాకా ఆరబెట్టండి. అది గ్రీన్ టీ. మామూలు టీ కావాలంటే ఆవిరి పట్టకుండా రాత్రంతా నీడలో వాడ్చి, రసం చేతికి అంటేలా గట్టిగా నలిపి, తడిగుడ్డ కింద రెండు మూడు గంటలు ఉంచండి. రాగిరంగు తిరిగి, పచ్చివాసన పోయి పండువాసన వచ్చినప్పుడు పెనమెక్కించండి. ఒక కుండీ నుంచి ఒక కోతకు మహా అయితే రెండు కప్పులకు సరిపోయేంత వస్తుంది. మొదటిసారి పాలు పోయకుండా తాగండి.